తుప్పలతో సహా ఎకరం డెబ్భై సెంట్ల గరువు

విశాఖపట్నం జిల్లా, గజపతినగరం తాలూకా, మెట్టవలస గ్రామంలో కాపురముంటున్న, కీర్తిశేషులు కర్రోతు సూరయ్య భార్య, సుమారు అరవై మూడేళ్ళ వయసుగల కర్రోతు లక్ష్మీనరసమ్మ అను నేను, నా తదనంతరం నా ఆస్తి ఎవరికి చెందాలో నిశ్చయించుకొని రాయించిన వీలునామా.

నా మతి స్థిరంగా ఉంది. ఎడమ కంటికి పొర కమ్మింది గాని, సాయంత్రం కోడిపిల్లల్ని గంప కింద వేసేటప్పుడు ఒక్కటి తగ్గినా నాకు తెలుస్తుంది. ఈ కాగితం రాయించమని నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. వద్దని మాత్రం ఇద్దరు చెప్పారు. నాకు చదువు రాదు గనక నేను చెబుతూంటే మా ఊరి బడి పంతులు జగన్నాధం మాస్టారు రాస్తున్నారు. ఆయన నా మాటను సాపు చేసి కాగితానికి తగ్గట్టు పెడుతున్నారు. ఎవరైనా అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే రాయమన్నాను. వాటిని సాపు చేస్తే అన్నవాళ్ళే మారిపోతారు.

1. నా ఆస్తి అంతా ఒకే చోట ఉంది. అది ఊరికి ఉత్తరపు దిక్కున. తూర్పున స్టేషనుకు పోయే బండిబాట, దక్షిణాన జగ్గమ్మ ఉలవచేను, పడమర వానల్లో పారే గెడ్డ, ఉత్తరాన సర్కారు మెట్ట, ఈ హద్దుల నడుమ ఎకరం డెబ్భై సెంట్ల గరువు, అంటే వాన మీద పండే మెరక నేల. అందులో తాటాకు ఇల్లు, రాతి దిమ్మల మీద కట్టిన కోళ్ళగూడు, ఊటగుంట, ఆరు జీడిచెట్లు, నలభై దాకా సీతాఫలం చెట్లు, మునగ, పనస, కూరపాదులు, ఉత్తరపు పక్కన ముప్పై సెంట్ల మేర తుప్పలు. తుప్పల సంగతి మాస్టారు ముందు రాయలేదు. పరికి, బలుసు, ఈత పొదలు ఆస్తి కిందకి రావనుకున్నారు. నేను చెప్పి రాయించాను.

2. ఈ భూమి నాకు ఎలా వచ్చిందో రాయాలి. నా భర్త 1947లో జ్వరంతో పోయారు. మాకు పిల్లలు లేరు. పెద్దమనుషులు కూర్చుని, పల్లపు భూమి అంతా నా మరిది అప్పలసూరికి ఉంచి, నాకు మనోవర్తి కింద ఈ గరువు ఇచ్చారు. అప్పట్లో అది రాళ్ళు తేలిన నేల. ఆ రోజు అప్పలసూరి, "వదినా, నువ్వు ఒక్కదానివి. పల్లం ఇస్తే ఏటి సేసుకుంటావు?" అన్నాడు. కోపంతో అనలేదు. బరువు చూసి బస్తా ఎత్తినట్టు, మామూలుగా అన్నాడు. అందుకే ఆ మాట ఎక్కువ కాలం నిలిచింది. రెండేళ్ళ కిందట అప్పలసూరి పోయినప్పుడు కూడా నాకు ముందు గుర్తొచ్చింది అదే. ఇప్పుడు కాగితం మీద పెట్టేశాను గనక ఇకమీదట నేను మోయను.

బతికున్నంతకాలం తినవచ్చు, అమ్మకూడదు, ఎవరికీ రాయకూడదు అని ఆనాటి కాగితంలో ఉంది. 1956లో వచ్చిన చట్టం వల్ల అటువంటి భూమి మీద ఆడదానికి పూర్తి హక్కు వచ్చిందని విజయనగరం ప్లీడరుగారు కాగితం చూసి చెప్పారు. ఆ బలంతోనే ఇది రాయిస్తున్నాను.

3. నా భర్త పోయాక తొమ్మిదేళ్ళు మరిది ఇంటి వెనక వసారాలో ఉన్నాను. తిండికి లోటు చేయలేదు. కాని ఏ కూర వండాలో నన్ను ఎవరూ అడిగేవారు కారు. 1956 వానాకాలం ముందు, యాభై ఒక్క ఏళ్ళ వయసులో, ఒక గునపం, రెండు కుండలు, విత్తడానికీ అంబలికీ చోళ్ళ మూట పట్టుకుని గరువుకి వచ్చేశాను. పాక వేయడానికి పదకొండు రోజులు పట్టింది. ఏరిన రాళ్ళతోనే గట్టు పెట్టాను. పురుగూ పుట్రా దాక్కుంటాయని అందరూ చెబితే తుప్పలన్నీ మొదలంటా నరికించాను. నేల అరచేతిలా కనబడుతూంటే ఎంతో పని చేశాననుకున్నాను.

4. సూరాడ తాతమ్మ సంగతి ఇక్కడ రాయాలి. ఆమె కోనాడ వైపు సముద్రపు ఒడ్డు మనిషి. భర్త వదిలేసి పోయాడు, ఉన్న ఒక్క కూతురూ పెళ్ళయి ఒరిస్సా వైపు వెళ్ళిపోయింది. ఎండుచేపల గంప ఎత్తుకుని విజయనగరంలో రైలెక్కి, గజపతినగరంలో దిగి, చుట్టుపక్కల సంతలకు నడిచేది. ఆ బండిబాట మీద పోతూ ఒకరోజు మంచినీళ్ళు అడిగింది. ఇచ్చాను. నా పాకనీ చుట్టూ ఉన్న ఖాళీనీ చూసుకుంటూ వెళ్ళింది. పై వారం గంపలో చేపల పక్కన ఒక గళ్ళ పెట్టనీ పదకొండు గుడ్లనీ తెచ్చి దించింది. "దీన్ని ఉంచుకో అమ్మా. ఏటీ సెయ్యకపోయినా పలకరిస్తాది" అంది. నేను చింతపండు పెడితే తీసుకుంది. తొమ్మిది పిల్లలు లేచాయి.

రెండో వేసవిలో తెగులు తగిలి పంతొమ్మిది కోళ్ళలో రెండు మిగిలాయి. అదే ఏడు ఎలకలు చోడిచేను సగానికి పైగా తినేశాయి. వంగమొక్కల్లో పురుగు పడింది. తిరిగి మరిది వసారాకి పోదామని మూట కూడా కట్టాను. తాతమ్మ సంతకు పోతూ ఆ మూట చూసింది. గంప దించి గరువంతా ఒకసారి తిరిగి వచ్చి, "తుప్పలు నరికేసి పాముల్నీ ముంగిసల్నీ పొమ్మన్నావు. ఎలకలు మాత్రం ఉండిపోనాయి. పిట్టలు ఎక్కడ వాల్తాయి? పురుగు ఎవులు తింటారు?" అంది. చేలు ఎరగని మనిషి చెప్పడమేమిటని నాకు ఒళ్ళు మండింది. ఆ కోపంలోనే మూట విప్పాను.

ఉత్తరపు పక్క వదిలేశాను. గుంట చుట్టూ గడ్డి కోయడం మానేశాను. మూడేళ్ళకి అక్కడ కముజు పిట్టలు గుడ్లు పెట్టాయి. ముంగిస జంట వచ్చింది. జెర్రిపోతు ఒకటి ఇప్పటికీ గట్టు రాళ్ళలో ఉంది, దానికి ఎవరూ హాని చేయకూడదు. అడవిపిల్లి కోళ్ళ కోసం వచ్చేది. దాన్ని చంపకుండా గూటిని రాతి దిమ్మల మీదికి ఎత్తి, చుట్టూ పరికి కంప కట్టాం. ఏడాదికి రెండు మూడు పిల్లల్ని గద్దో పిల్లో పట్టుకుపోతుంది. అది వాటి వాటా అనుకున్నాం. ఊళ్ళో వాళ్ళు పిచ్చి గరువు అన్నారు. అదే ఊరివాళ్ళు నా ఆనపకాయల కోసం పొద్దున్నే వచ్చేవారు.

5. 1961లో తాతమ్మకి మోకాళ్ళు పట్టేసి గంప ఎత్తలేకపోయింది. నేనే ఉండిపొమ్మన్నాను. అప్పటినుంచి ఒకే పొయ్యి మీద వండుకుంటున్నాం. అమ్మా అనడం మాని నన్ను అప్పా, అంటే అక్కా, అంటుంది. కాపు ఇంటి కోడలు చేపలమ్మే మనిషితో కలిసి తినడమేమిటని నా తోడికోడలు సుభద్రమ్మ ఆ ఏటి నుంచి నా గుమ్మం తొక్కలేదు. ఆమె మీద నాకు పగ లేదు. సీతాఫలాలంటే ఆమెకు ఇష్టమని నాకు తెలుసు. చెట్లు కాసినంతకాలం ఏటా ఒక గంప పళ్ళు ఆమె ఇంటికి పంపుతానని తాతమ్మ మాట ఇచ్చింది. ఆమె గరువుకి రానక్కరలేదు, గంప తిరిగి ఇస్తే చాలు.

6. మా మరిది కొడుకు చినబాబు చేసినది రాయకుండా వదలడం సరికాదు. 1965 చైత్రంలో ఒక మధ్యాహ్నం, నేను కూరగాయలతో గజపతినగరం వెళ్ళి ఉండగా, చినబాబూ అతని స్నేహితులూ కుందేళ్ళ కోసం నా తుప్పలకు నిప్పు పెట్టారు. గాలి తిరిగింది. మంట కోళ్ళగూటి వైపు వచ్చింది. గూటి తలుపుకి ఇనప గొళ్ళెం ఉంది. తాతమ్మ మోకాళ్ళ నొప్పితో పరుగెత్తలేక, డేకుతూ పోయి, కాలిన గొళ్ళెం రెండు చేతులతో పట్టి తీసింది. ముప్పై కోళ్ళలో ఇరవై మూడు బయటపడ్డాయి. ఆమె కుడిచేతి రెండు వేళ్ళు ఈనాటికీ తెరుచుకోవు. తిరిగొచ్చి ఆ చేతులు చూసి, "కోళ్ళ కోసం ఇంత పని సేస్తావేటే?" అని కేకలేశాను. "లోపల అరుస్తన్నాయి కదప్పా" అంది, అంతే.

మూడో రోజున చినబాబు వచ్చి బాట మీద నిలబడ్డాడు. నేనే వెళ్ళి, "ఏటి కావాలి?" అని అడిగాను. "గూడు కట్టీడానికొచ్చినాను పెద్దమ్మా" అన్నాడు. పంతొమ్మిది రోజులు పనిచేశాడు. వెదురు అతనే తెచ్చాడు. తప్పయిందని నోటితో అనలేదు, నేను అడగలేదు. పని అయిన రోజున తాతమ్మ ఎడమచేత్తో అంబలి పోస్తే ఆమె ఎదుటే కూర్చుని తాగాడు. తుప్పలు ఆ వానలకే చిగురించాయి. కముజులు రావడానికి రెండేళ్ళు పట్టింది.

7. ఇక ఎవరికి ఏమి అన్నది.

(అ) జగ్గమ్మ మొదటి ఏడు నాకు ఆనప విత్తులు ఇచ్చింది. దూలానికి వేలాడే ఎండు ఆనపబుర్రలోని విత్తులన్నీ ఆమెకు.

(ఆ) కోళ్ళను ఎవరికీ రాయడం లేదు. అవన్నీ ఆ గళ్ళ పెట్ట సంతానమే గనక మొదటినుంచీ తాతమ్మవే. నావి కానివి నేను రాయకూడదు.

(ఇ) మొదటి ఖండికలో చెప్పిన ఎకరం డెబ్భై సెంట్ల భూమి, ఇల్లు, గుంట, చెట్లు, తుప్పలతో సహా, సూరాడ తాతమ్మకు చెందాలి. ఆమెకు బతికున్నంతకాలం హక్కు ఇచ్చి, తరువాత మా వంశానికి వచ్చేట్టు రాద్దామని ప్లీడరుగారు సలహా ఇచ్చారు. ఊళ్ళో గొడవ తగ్గుతుందన్నారు. నేను ఒప్పుకోలేదు. అటువంటి హక్కుతో తొమ్మిదేళ్ళు బతికాను. చెట్టు నాటబోతే, ఇది ఎవరికోసం అని చెయ్యి ఆగుతుంది. అందుచేత తాతమ్మకు పూర్తి హక్కు. అమ్ముకోవచ్చు, కూతురికి ఇచ్చుకోవచ్చు, తనకి నచ్చినట్టు చేసుకోవచ్చు.

(ఈ) తుప్పలు నరకరాదని షరతు పెట్టమంటారా అని మాస్టారు అడిగారు. వద్దన్నాను. నరికి నష్టపోయిందాన్ని నేను. ఆమెకు నేను చెప్పేదేముంది.

ఈ సంగతి చెప్పినప్పుడు తాతమ్మ, "నాకెందుకప్పా? నిన్ను తిడతారు" అంది. తిట్టేనాటికి నాకు వినపడదులే అన్నాను. ఆమె నవ్వలేదు. లేచి పోయి గుంట దగ్గర చాలాసేపు కూర్చుంది.

8. చినబాబుకు భూమి ఎందుకు రాయలేదో చెబుతాను. కొత్తగా వేస్తున్న రోడ్డుకి గ్రావెల్ కోసం ఒక కంట్రాక్టరు ఈ గరువు అడుగుతున్నాడు. మొన్న చినబాబుని పిలిచి, నీకు రాస్తే ఏం చేస్తావని అడిగాను. తలవంచుకుని, "అబద్ధం సెప్పను పెద్దమ్మా. నాకొస్తే అమ్మేస్తాను. నాకు ముగ్గురు పిల్లలు" అన్నాడు. ఉంచుతానని చెప్పి ఉంటే నేను రాసేసేదాన్నేమో. నిజం చెప్పినందుకు అతని మీద నాకు గౌరవం పెరిగింది. నా చితికి నిప్పు అతనే పెట్టాలని కోరాను, సరేనన్నాడు.

భూమి బదులు నా భర్త వెండి మొలతాడు అతనికి రాయాలనుకున్నాను. ఈ ఉదయం మాస్టారు ఇంతవరకు రాసినది అందరి ఎదుటా చదివి వినిపించారు. సాక్షులు ఎవరన్న మాట వచ్చింది. వీలునామా వల్ల ఏదైనా పొందేవాడు సాక్షిగా ఉండకపోవడమే మేలని ప్లీడరుగారు చెప్పిన సంగతి మాస్టారు గుర్తుచేశారు. అప్పుడు చినబాబు లేచి, "అయితే ఆ మొలతాడు రాయకండి మాస్టారూ. సాచ్చి సంతకం నాను పెడతాను. రేపు ఎవులైనా ఈ కాగితం సెల్లదంటే, అనాల్సినోడు నానే కదా. నానే సంతకం పెట్టినాక ఇంకెవులు అంటారు?" అన్నాడు. తాతమ్మ కొంగు కళ్ళకు పెట్టుకుంది.

అందుచేత ఈ వీలునామాలో కర్రోతు చినబాబుకు ఏమీ లేదు. అన్యాయం చేశానని ఎవరూ అనుకోవద్దు. మాస్టారు కలం కింద పెట్టాక, మొలతాడు పెట్టెలోంచి తీసి నా చేత్తోనే అతని చేతిలో పెట్టాను. అది బతికున్న మనిషి ఇచ్చుకున్నది. వీలునామాకి దానితో సంబంధం లేదు. మాస్టారు మళ్ళీ కలం పట్టి ఈ నాలుగు మాటలు చేర్చారు.

9. దీన్ని అమలు జరిపే బాధ్యత జగన్నాధం మాస్టారిది. ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయించలేదు. రాసినదంతా చదివించుకుని విని, ఒప్పుకుని, దిగువ సాక్షుల ఎదుట వేలిముద్ర వేశాను.

కీలక నామ సంవత్సరం, కార్తీక మాసం, అనగా 1968 నవంబరు 11వ తేదీ, సోమవారం, మెట్టవలస.

కర్రోతు లక్ష్మీనరసమ్మ, ఎడమచేతి బొటనవేలి నిశాని

సాక్షులు:
1. కర్రోతు చినబాబు, తండ్రి కీ.శే. అప్పలసూరి, మెట్టవలస (సంతకం)
2. మజ్జి కూర్మయ్య, రైల్వే పోర్టరు, గజపతినగరం (సంతకం)

దస్తూరి: జగన్నాధం, ఉపాధ్యాయుడు, మెట్టవలస