ఎర్ర కాగితం మీద పేరు

ప్రియమైన శ్రీలతకు,

ఇక్కడ సౌదీలో, యాన్బులో నేను బాగానే ఉన్నాను. నువ్వూ అమ్మా చిన్నోడూ కూడా అలాగే ఉన్నారని నమ్మి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. రోజూ ఫోన్లో మాట్లాడుతూ మళ్ళీ ఉత్తరమెందుకని నవ్వుకుంటావేమో. ఫోను మోగగానే అమ్మ పక్కనొచ్చి కూర్చుంటుంది, చిన్నోడు లాక్కుంటాడు. ఇది నీకొక్కదానికే చెప్పాలి. మా గదిలో ఉండే నాగేందర్ సెలవు మీద వస్తున్నాడు, అతని చేతికిస్తున్నాను.

ముందు నువ్వడిగినవి. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు రెన్యూవల్ అయింది, దిగులు పడకు. పచ్చడి సీసా పగలకుండానే చేరింది కానీ గదిలోవాళ్ళ కన్ను పడి వారం కూడా నిలవలేదు. ఇక "మీ చైనా ఫోర్‌మన్‌కు దేవుడున్నాడా?" అన్నావు. ఉన్నాడు. నిదానంగా చదువు.

అతని పేరు లిన్. సముద్రం ఒడ్డున చ్వాన్‌జౌ అనే పాతకాలపు రేవుపట్నం అతనిది. అక్కడి పెద్ద బౌద్ధాలయంలో రెండు స్తంభాల మీద మన నరసింహస్వామి, కృష్ణుడు చెక్కి ఉన్నారు. ఫోన్లో చూపించాడు. వందల ఏళ్ళ కింద దక్షిణాది వర్తకులు కట్టుకున్న గుడి కూలిపోతే, ఆ రాళ్ళను పారేయకుండా బుద్ధుడి గుడిలో నిలబెట్టారట. నాకు కడుపు నిండినట్టయింది. లిన్ అక్క అదే ఊళ్ళో ఒక చిన్న మఠంలో ఉంటుంది. గుండు చేయించుకోకుండానే, పెళ్ళీ మాంసమూ మానేసి, బతుకంతా బుద్ధుడికిచ్చే ఆడవాళ్ళు అక్కడ ఉన్నారు. వాళ్ళు పేర్లు కాగితాల మీద రాసి వరసగా నిలబెట్టి రోజూ మంత్రాలు చదువుతారు. వాళ్ళ ఏడో నెల పున్నమికి, పోయినవాళ్ళను ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి అన్నం పెడతారు.

లిన్ తల్లి పోయినప్పుడు ఇక్కడ ప్లాంటు ఆపి చేసే షట్‌డౌన్ పని నడుస్తోంది. వెళ్ళలేకపోయాడు. భోజనం వేళ క్యాబిన్లో కూర్చుని, తల్లికి అక్క మఠంలో చేయించిన పూజ ఫోన్లో చూస్తూ ఏడ్చాడు. నేను పక్కనే ఉన్నాను. కాసేపటికి తేరుకుని, వచ్చీరాని హిందీలో, "నీవాళ్ళ పేరేదైనా చెప్పు, అక్క రాస్తుంది" అన్నాడు.

పోయిన మా బాపు పేరు చెబుదామనుకున్నాను. కానీ శ్రీలతా, బాపుకు మనం అన్నీ చేశాం. ఏమీ చేయనిది మన తొలి పాపకే. తొట్టెలలో వేయకముందే పోయిందని, "పేరు పెట్టని పసిగుడ్డుకు దినాలేంది బిడ్డా, ఇగ ఆ ముచ్చట తియ్యకుండ్రి" అంది అమ్మ. మనం తియ్యలేదు. నువ్వు చాటుగా ఏడుస్తావని నాకు తెలుసు. నేనూ ఏడుస్తానని నీకు తెలియదు.

నిన్నడక్కుండానే పేరు పెట్టేశాను. సృజన. "నా కూతురు" అన్నాను, పోయిందని అనడానికి నోరు రాలేదు. కాగితం ఎరుపా పసుపా అన్నాడు. ఆడపిల్ల కదా, కుంకుమ రంగు బాగుంటుందని ఎరుపన్నాను.

నిన్న ఆ కాగితం ఫోటో వచ్చింది. "మీ పాప నిండు నూరేళ్ళు ఉండాలని అక్క రోజూ చదువుతోంది. ఇప్పుడెన్నేళ్ళు?" అన్నాడు లిన్. అప్పుడు తెలిసింది, పసుపు పోయినవాళ్ళకు, ఎరుపు బతికున్నవాళ్ళకని. నా తప్పు దిద్దుకోవాల్సింది. "తొమ్మిదేళ్ళు" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. అదే నీ దగ్గర దాచలేకపోతున్నాను.

నాగేందర్‌తో చెబితే, "గట్ల ఉంచితే పున్నమికి పిల్లను బువ్వకు పిలువరు గద అన్నా. మల్ల ఆకలికే ఉంటది" అన్నాడు. నిజమే. ఎర్ర కాగితం వాళ్ళను ఆ అన్నానికి పిలవరు. మార్పించాలి. పున్నమి ఇంకా నెల దూరం ఉంది.

కానీ పసుపు కాగితానికి మారేలోగా ఒక్కసారి నువ్వు మన పాపను పేరు పెట్టి పిలువు. లోపల కాదు, పైకే, వాకిట్లో నిలబడి, చిన్నోణ్ణి పిలిచినట్టే. అమ్మ విన్నా సరే. పిలిచానని నువ్వు చెప్పాకే లిన్‌కు నిజం చెబుతాను.

ఇట్లు,
సృజన నాన్న