పటంలోని పేరంటాళ్ళు

చాండ్లర్, అరిజోనా
24 సెప్టెంబర్ 2009

చి. సౌ. గిరిజకు,

అక్కయ్య దీవెనలు. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేమూ క్షేమమే అని రాయడం ఆనవాయితీ గనక రాస్తున్నాను, సగం వరకే నమ్ము. ఈ సంగతి ఫోన్‌లో చెబితే నువ్వు ఏడుస్తావు, నేను విసుక్కుంటాను. అందుకే ఉత్తరం.

మా పక్కింటి నెర్మిన్ నీకు తెలుసు కదా, టర్కీ ఆవిడ. వాళ్ళింట్లో పైపు పగిలి కార్పెట్లన్నీ తడిసిపోతే, రిపేరు అయ్యేదాకా ఉంచమని ఒక పెద్ద పటం తెచ్చి మా హాల్లో గోడకి ఆనించింది. వాళ్ళమ్మ వేసిందట. వాళ్ళ ఊరి ఆడవాళ్ళు నలుగురు చాప మీద కూర్చుని ఉంటారు. పట్టుబట్టలూ నగలూ ఏమీ లేవు. పూలగుడ్డతో కుట్టిన వదులు పైజామాలు, మోచేతుల దగ్గర వెలిసిపోయిన స్వెట్టర్లు, తలకి నూలు గుడ్డలు. ఒకావిడ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఇంకొకావిడ పనంతా అయ్యాక కాళ్ళు చాపుకున్నట్టుంది. మనిషంతేసి బొమ్మలు.

మొన్న ఆదివారం బొమ్మల కొలువు పేరంటం పెట్టాను. అమ్మ ఎప్పటిలాగే తన గదిలో ఉంది. వచ్చినవాళ్ళంతా కిచెన్‌లో పులిహోర ప్లేట్లు పట్టుకుని గ్రీన్ కార్డుల గోలలో ఉండగా హాల్లోంచి మా ఫ్రెండు వసంతలక్ష్మి కేక వినపడింది. వెళ్ళి చూద్దును కదా, అమ్మ కుంకుమ భరిణె పట్టుకుని పటం ముందు కూర్చుంది. ముగ్గురికి బొట్లు పెట్టేసి నాలుగో ఆవిడకి పెడుతోంది! ఒక్కొక్కరి ముందూ తాంబూలం కూడా పెట్టింది.

వసంతలక్ష్మి నన్ను పక్కకి లాగి, వాళ్ళత్తగారికీ ఇలాగే స్టార్ట్ అయిందనీ, వెంటనే టెస్టులు చేయించమనీ చెప్పింది. మిగతావాళ్ళు అయ్యో పాపం అన్నారు. నెర్మిన్‌కి సారీ చెప్పాను. తనేం కోప్పడలేదు. పటంలో చిక్కుడుకాయలు ఒలిచే ఆవిడ వాళ్ళ పిన్ని అనీ, బొట్టు బాగా నప్పిందనీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆపరేషన్ థియేటర్లలో మత్తుమందు ఇస్తూ బతికినదాన్ని, ఉన్నదున్నట్టు చెబుతాను. పటానికీ మనిషికీ తేడా తెలియనప్పుడు అమ్మని ఇంట్లో వదిలి గడప దాటలేను. స్టవ్ వెలిగించి మర్చిపోతే? మతిమరుపు వాళ్ళని చూసుకునే హోమ్ ఒకటి దగ్గర్లోనే ఉంది. వచ్చే నెలలో గది ఖాళీ అవుతుందట. అమ్మకి ఇంకా చెప్పలేదు. నువ్వు సరేనంటే బుక్ చేస్తాను. బాధపడి లాభం లేదు, ఆలోచించి చెప్పు.

మరిదిగారికి నా నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

ఇట్లు,
మీ అక్కయ్య
లీలావతి

తా.క. శుక్రవారం పొద్దున. పైన రాసిందంతా కొట్టేశాననుకో. పటం మీది కుంకుమ దూదితో తుడుస్తుంటే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. పేషెంట్‌ని అడిగినట్టు నెమ్మదిగా, వీళ్ళెవరమ్మా అని అడిగాను. నెర్మిన్ వాళ్ళమ్మ వేసిన బొమ్మలు, ఆ మాత్రం తెలియదా నాకు అంది. మరి బొట్లెందుకు పెట్టావన్నాను. మీ నాన్న పోయిన దగ్గర్నుంచీ పేరంటం అంటే నన్ను గదిలో కూర్చోబెడుతున్నారు, నా చేతి బొట్టు ఎవరు పెట్టించుకుంటారు, వీళ్ళైతే నుదురు వెనక్కి తీసుకోరు కదే అంది.

నాకు ఏడుపు ఆగలేదు గిరిజా. అమ్మ బుర్ర నిక్షేపంలా ఉంది. హోమ్ మాట మర్చిపో. అట్లతద్దికి మళ్ళీ పేరంటం పెడుతున్నాను. అందరికీ బొట్టు అమ్మే పెడుతుందనీ, ఇష్టం లేనివాళ్ళు రానక్కర్లేదనీ ఫోన్లు చేసి చెప్పాను. వసంతలక్ష్మి చూస్తానంది. మిగతావాళ్ళందరికీ ఆ రోజే ఏదో పని ఉందట. ఎవరూ రాకపోయినా ఫర్వాలేదు. టికెట్ బుక్ చేసుకుని నువ్వు రా.