అరికాలి మచ్చ

నెల్లికుదురు,
మంగళవారం, ముసురు.

తమ్ముడు బలరాంకు,

అన్న రాజలింగం ఆశీస్సులు. నా గడియారాల భూతద్దం దీనితో పంపుతున్నాను. నీ తండా బడి పిల్లలకు ఇకమీద నువ్వే చూపించు. ఆదివారాలు వాళ్లను ఇంటి ముందరి నా దుకాణానికి తీసుకురావద్దు.

కారణం చెప్పాలి. చుట్టూ తిరిగి చెప్పడం నా జబ్బు, ఓర్చుకో. ఏడో తరగతి తప్పినవాణ్ణి. నలభై ఏండ్లు ఆ అద్దం కంటికి బిగించుకుని గడియారాల్లో దుమ్ము వెతికాను. సెల్‌ఫోన్లు వచ్చి గడియారాలు పోయాయి, అద్దం మిగిలింది. అప్పుడే నీ పిల్లలు దొరికారు. చీమ మూతి, తంగేడు పుప్పొడి, ఆరుద్ర పురుగు వీపు మీది మఖమల్... "చూసిందే గీయాలె, అనుకున్నది గీయొద్దు" అని నియమం కూడా పెట్టాను. పెద్ద గురువును మరి!

నీ రెండో తరగతి పూజ ఉందే, పోయినేడు ఎండాకాలం మా వాకిట్లో చీమల బారు వెంట పాకుతూ పోయి, గడప మీద కాళ్లు చాపుకున్న మీ వదిన అహల్య దగ్గర ఆగింది.

"తాతా, అవ్వ అరికాలుకు నల్లగ ఏందో ఉన్నది. అంచులు చినిగినట్లున్నయ్."

నేను తలెత్తలేదు. "అరికాలిల మచ్చున్నోళ్లు దేశాలు తిరుగుతరే! మీ అవ్వ కాశీకి పోతది."

"ఈయనతోని మానుకోట దాటింది లేదు, కాశీనట!" అని అహల్య నవ్వింది.

ఆ తర్వాత పూజ ఇంకో రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ కాశీకే పంపాను.

అన్నట్టే తిరిగింది తమ్ముడూ. వరంగల్ దవాఖాన, అక్కణ్ణుంచి హైదరాబాద్. అది మచ్చ కాదు, క్యాన్సర్ అన్నారు. "ఇంట్ల ఎవ్వరు చూడలేదా?" అని డాక్టరమ్మ అడిగితే అహల్య నా ముఖం వంక చూడకుండా, "నేనే చెప్పలే" అంది. అబద్ధం. నా తప్పు దాచడానికి చెప్పింది.

మొన్న పెద్దకర్మ అయింది. పుప్పొడి చూపించినవాణ్ణి, పెండ్లాం పాదం చూడలేదు. నాకు నేర్పే మొహం లేదు.

నీ అన్న,
రాజలింగం

*

నెల్లికుదురు,
ఆదివారం.

తమ్ముడూ,

నువ్వు మొండోడివి. అద్దం పూజ చేతికిచ్చి, వాళ్ల తాత వాల్యాను తోడిచ్చి పంపావు. ముసలాయన బీడీ వంకతో బయటే నిలబడ్డాడు. పిల్ల లోపలికి రాలేదు. గడప అవతలి నుంచే నోటుబుక్కు చాపింది.

"తాతా, నేను తప్పు గీసిన్నా? గందుకేనా రావద్దన్నవ్?"

మూడు పేజీల్లో మూడు పాదాలు. కింద 'అవ్వ కాలు' అని రాసుంది. మచ్చ మొదట నువ్వుగింజంత, తర్వాత పెసరగింజంత, ఆ తర్వాత చింతగింజంత. మూడింటికీ అంచులు చినిగే ఉన్నాయి. అద్దం బిగించుకుని చాలాసేపు చూశాను.

"తప్పు గీయలే బిడ్డా. నేనే చూడలే."

"ఇప్పుడు చూసినవా?"

"చూసిన."

అద్దం నా దగ్గర్నుంచి తీసుకుంది. "అయితే నీ కాళ్లు చాపు."

అహల్య కూర్చునే గడప మీదే కూర్చుని చాపాను. పూజ బోర్లా పడుకుని ఒక్కొక్క వేలు, సందు సందు వెతికింది. అహల్య పోయిన నాడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఒళ్లంతా కదిలిపోయింది. పూజ తలెత్తకుండానే కసిరింది:

"కదలకు తాతా, కనవడ్తలేదు!"

వచ్చే ఆదివారం అందరినీ తీసుకురా. ఎవరేం చూపించినా తలెత్తి చూస్తాను.

పగుళ్లు తప్ప ఏమీ లేవని పూజ తేల్చిన కాళ్లతో,
నీ అన్న రాజలింగం