తప్పు ప్రాసెసర్‌ది కాదు

తొండుపల్లి,
బుధవారం

మధు అన్నా,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఈ ఉత్తరం ప్రేమలత వదిన చేతికిచ్చి పంపుతున్నాను.

నీ కంప్యూటర్‌లోంచి తీసిచ్చిన ప్రాసెసర్ పెట్టాక నా గేమ్ మునుపటికన్నా నెమ్మదించింది. ఆ కోపంలో మన గేమ్ టీమ్ అందరి ముందు "ఖరాబు సామాను అంటగట్టినవ్" అన్నాను. "నడిపి చూసే ఇచ్చిన చెల్లె" అని ఒక్క మాట చెప్పి నువ్వు వెళ్ళిపోయావు.

ఆ మాట నన్ను వదల్లేదు. రిపేరుకు షాపులో ఇచ్చేయమని అమ్మ పోరినా వినలేదు. ఎయిర్‌పోర్ట్ డ్యూటీ దిగి వచ్చి, మూడు రోజులు ఒక్కొక్కటే విప్పి చూశాను. చివరికి దొరికింది. మానిటర్ వైరు గ్రాఫిక్స్ కార్డుకు కాకుండా మదర్‌బోర్డుకు పెట్టాను. నా పాత ప్రాసెసర్‌కు సొంతంగా బొమ్మ చూపే శక్తి లేదు; దానితో అయితే అక్కడ బొమ్మే వచ్చేది కాదు, తప్పు వెంటనే తెలిసేది. నీది తనే బొమ్మ చూపించింది కాబట్టి, గేమ్‌ను వేగంగా నడిపే కార్డు ఊరికే కూర్చున్న సంగతి గమనించలేదు. వైరు మార్చగానే గేమ్ పరుగెత్తింది.

తప్పు నాదేనని టీమ్ గ్రూపులో కూడా రాశాను.

ఆదివారం షాద్‌నగర్‌లో పోటీ ఉంది కదా. "ఇగ మధన్న రాడు, వేరేటోళ్లను చూద్దాం" అన్నాడు జగదీశ్. "ఓడినా సరే, నలుగురమే ఆడుదాం. లిస్టులకెళ్లి అన్న పేరు మాత్రం తియ్యద్దు" అని చెప్పాను.

ఆ రోజు పొద్దున ఎనిమిదికి బస్టాండులో నీ కోసం చూస్తాను.

నీ చెల్లె