సుజాత విమానం ఇంజన్

ఏప్రిల్, ఆదివారం రాత్రి

ఈ రోజు నా కూతురు నన్ను ఆకాశంలో తిప్పింది! స్నేహితులిద్దరితో కలిసి కొనుక్కున్న ఆ పాత చిన్న విమానాన్ని హైదరాబాదులో తనే నడిపింది. నా బంగారుతల్లి పక్కన కూర్చుని ఎన్నిసార్లు కళ్లు తుడుచుకున్నానో నాకే తెలియదు.

కిందికి దిగాక, ఇక దాన్ని అమ్మేస్తామని సుజాత చెప్పింది. విమానం ఇంజన్ ఇన్ని గంటలే తిరగాలని లెక్కట, ఆ గంటలు నిండాయట, మొత్తం విప్పి బాగు చేయించాలట. ఆ ఖర్చు విమానం కొన్న ధరకంటే ఎక్కువ. కోల్డ్ స్టోరేజీలో ఉన్న మా మిర్చి బస్తాలన్నీ ఇవాళ్టి రేటుకి అమ్మినా సగం కూడా రాదు.

"శుభ్రంగా నడుస్తోంది గదమ్మా, విప్పడం దేనికి? మన ట్రాక్టరు మొరాయించేదాకా ముట్టుకున్నామా?" అన్నాను.

"ట్రాక్టరు ఆగితే దిగి నడిచొస్తావు నాన్నా. ఇది ఆగితే?" అని నవ్వింది. నవ్వుతూనే రెక్క మీద దుమ్ము తుడుస్తోంది. అమ్మేసే వస్తువుని ఎవరైనా అంత ప్రేమగా తుడుస్తారా...

రాత్రి ఊళ్లో బస్సు దిగగానే ట్రాక్టరు మెకానిక్ మస్తాన్ కనబడితే, ఆపుకోలేక అంతా చెప్పేశాను.

"పిస్టన్ ఎక్కడైనా పిస్టనే గదా బాబాయ్! పొద్దున్నే పోదాం పద. మన సుజాత పనికి నేను డబ్బులు తీసుకుంటానా?" అన్నాడు.

లైసెన్సు ఉన్నవాళ్లు తప్ప ఎవరూ ఆ ఇంజన్‌ని ముట్టుకోకూడదని సుజాత ముందే చెప్పింది. అయినా వాడి ఉత్సాహం చూసి కాదనలేకపోయాను. పొద్దున్నే స్పానర్ల సంచితో వచ్చేస్తాడు. ఏం చెప్పి వాణ్ని వెనక్కి పంపను? సుజాత కోసం "నేను చేస్తాను" అని ఇంతవరకు అన్నవాడు వాడొక్కడే. కన్నతండ్రిని, నేనే ఆ మాట అనలేకపోయాను.