దీర్ఘం తప్పిన జామీను

లేపాక్షి,
1961, శుక్రవారం.

చిరంజీవి చెన్నకేశవులును మేనత్త రామసుబ్బమ్మ దీవించి రాసేది. ఈడ నేనూ, ఎద్దులూ, ఆవూ అందరమూ క్షేమమే, హనుమప్ప తప్ప. ఆడ నీ క్షేమం తర్వాత రాద్దువు గానీ, ముందు వాని సంగతి కనుక్కో.

మోకాళ్ళ నొప్పి తగ్గితే పెనుకొండ బాబయ్యకు చక్కెర చదివిస్తానని మొక్కుకుంటి. నొప్పి తగ్గలేదు. అయినా బాబయ్య మరిచిపోయినాడని నేను కూడా మరిచిపోతే మర్యాదగా ఉండదని, దర్గాలో గంధం ఉత్సవం నాటికి చక్కెర మూట కట్టి హనుమప్పను బండి తోలుకొని పొమ్మంటి. పోయినోడు పోయినట్టే ఉండాడు. బండీ ఎద్దులూ మాత్రం నిన్న వచ్చినాయి, తోలుకొచ్చింది మన ఊరి ఓబన్న. హనుమప్ప యాడరా అంటే పోలీసోళ్ళు పట్టుకున్నారన్నాడు. గంగాధరప్ప కొడుకు వెంకటేశులుకూ వీనికీ ఆడ గలాట అయిందంట, ఇద్దరినీ పట్టుకున్నారంట. ఆ వెంకటేశులు అదే సాయంత్రం సైకిలు బెల్లు కొట్టుకుంటా మన వాకిలి ముందరే పాయె. మరి మనోడు యాడ?

చిన్నప్పుడు నిన్ను భుజాన కూచోబెట్టుకొని బసవన్నను చూపించినోడు హనుమప్పే. వాని నాయన నాటి నుంచీ మన సేద్యం వాళ్ళదే. నువ్వు ప్లీడరువైతివి, మీ నాయన పాడి ఎనుమును అమ్మి నీకు నల్లకోటు కుట్టించె. ఆ కోటు వేసుకొని పోయి వాన్ని పిలుచుకొని రా.

ఇట్లు,
నీ మేనత్త రామసుబ్బమ్మ

తా.క. వాని పెండ్లాం మారక్క పొద్దున్నుంచీ మన వాకిట్లో కూచొనుండాది. ఏడ్వదు, మాట్లాడదు. ఏడ్చినా బాగుండు, ఊరుకోమని అయినా చెబుదును. చక్కెర మూట కూడా అడిగి తీసుకో, అది బాబయ్య సొత్తు.


పెనుకొండ,
సోమవారం.

పూజ్యురాలైన అత్తకు మేనల్లుడు చెన్నకేశవులు నమస్కరించి వ్రాసుకునేది. నేను క్షేమంగానే ఉన్నాను. నా వృత్తి అంత క్షేమంగా లేదు కాని, ఆ సంగతి నాయనతో అనవద్దు.

హనుమప్పను సబ్ జైల్లో చూసి వచ్చాను. ఒంటికేమీ కాలేదు. జరిగింది ఇది. గంధంలో జనం కిక్కిరిసి ఉన్నప్పుడు మన బండి చక్రం వెంకటేశులు కొత్త సైకిలుకు రాసుకున్నది. అతను కర్ర తీసుకుని వచ్చాడు. మొదటి దెబ్బ కాడి మీద పడి కర్ర విరిగింది. రెండోసారి ఎత్తితే హనుమప్ప ఆ ముక్కను పట్టుకుని లాక్కున్నాడు. సరిగ్గా అప్పుడే పోలీసులు వచ్చారు. అందుచేత కాగితాల్లో ఆయుధం హనుమప్ప చేతిలో దొరికినట్టు ఉంది.

కేసు మాత్రం ఇద్దరి మీదా ఒకటే, సెక్షను కూడా ఒకటే. ఉత్సవానికని వేసిన డేరాలోకి ఇద్దరినీ తీసుకువెళ్ళారు. వెంకటేశులుకు కుర్చీ వేసి కాఫీ ఇచ్చారట. కాఫీ చల్లారేలోగా వాళ్ళ మేనమామ వచ్చి సంతకం పెట్టి తీసుకుపోయాడు. హనుమప్పను కోర్టుకు పంపారు. అక్కడ రెండు జామీన్లు కావాలన్నారు. మెట్టదైనా ఫరవాలేదు, పట్టా ఉండాలి, కిస్తు బాకీ ఉండకూడదు. హనుమప్ప వాళ్ళ వాడలో పట్టా ఉన్న మనిషి ఒక్కడూ లేడు. ఊరి పట్టాదార్లను అడిగితే, ఆ వాడ మనిషికి మేమెందుకని లేచి వెళ్ళిపోతున్నారు. ఆస్తి లేనివాడు పారిపోతాడని సర్కారు తరఫు వాదన. నేను గట్టిగానే వాదించాను. మేజిస్ట్రేటు కిటికీలోంచి బయటికి చూశారు.

ఆలోచించి జాబు వ్రాయగలవు.

చిత్తగించవలెను,
చెన్నకేశవులు

తా.క. చక్కెర గురించి విచారించాను. ముద్దాయి దగ్గర దొరికిన సరుకు కింద దాన్నీ పట్టుకున్నారు. మూట ఉంది, అందులో చక్కెర లేదు. వెంకటేశులుకు ఇచ్చిన కాఫీ చాలా తియ్యగా ఉందని చెప్పుకుంటున్నారు.


లేపాక్షి,
గురువారం.

చిరంజీవి కేశవునికి అత్త దీవెనలు. నీ జాబు చదివినప్పటి నుంచీ నాకు అన్నం సయించడం లేదు.

రెండు జమీన్లా? ఏం పగలగొట్టినాడని రెండు జమీన్లు అడుగుతాండారు? సైకిలుకు రాసుకున్నందుకు ఒక చేను, కర్ర విరిగినందుకు ఒక చేనా? హిందూపురం సంతలో బేరం కూడా ఇంత అన్యాయంగా ఉండదు. వానికి చేను ఉంటే మన చేలో సేద్యం ఎందుకు చేస్తాడు? అది కూడా తెలీదా ఆ దొరకు?

మనసు ఊరుకోక గంగాధరప్ప ఇంటికి పోతి. ఏమప్పా, నీ కొడుకును విడిపించేదానికి నువ్వు ఎంత జమీను ఇస్తివి అని అడిగితి. ఆయప్ప నా మొగం చూసి, "నేనెందుకిస్తానమ్మా? మా బావమరిది సంతకం పెట్టె, అంతే" అన్నాడు. అంటే ఉన్నోనికి సంతకం చాలు, లేనోడు జమీను ఇవ్వాల. లేనోడు లేనిదాన్ని యాడనుంచి తెస్తాడని ఒక్కరూ అడగలేదా? నువ్వు అడిగితివా?

సరే, మెట్టదైనా ఫరవాలేదంటివి గదా. గుట్ట కింద నాకు రాళ్ళ చేను ఒకటి ఉండాది. ఉలవలు చల్లితే ఉలవలు కూడా మొలిచేదానికి ఆలోచిస్తాయి. అది ఇస్తే ఒప్పుకుంటారా? ఎవరి పేరుకు రాయాల? వెంటనే రాయి.

ఇట్లు,
కోపంగా ఉన్న నీ అత్త

తా.క. చక్కెర గురించి దిగులు పడొద్దు. బాబయ్య పేరు చెప్పి కట్టిన చక్కెర తాగినోని కడుపులోకి పోయినా ఆయన లెక్కలోదే. వెంకటేశులుకు ఆ రాత్రి నుంచీ కడుపునొప్పంట.


పెనుకొండ,
ఆదివారం.

అత్తకు నమస్కారాలు. నీ జాబు చూసి నా ప్రాణం లేచి వచ్చింది. జామీను ఇవ్వడానికి నువ్వే ముందుకు వచ్చావు, ఆ ఊళ్ళో ఇంకెవరికీ లేని ధైర్యం నీకుంది. రాళ్ళ చేనైనా ఇబ్బంది లేదు, పట్టా నీ పేరున ఉంటే చాలు.

నువ్వేమీ భయపడకు. ఇది కాగితం మీద మాటే. రాసిచ్చినంత మాత్రాన నీది నీకు కాకుండా పోదు. హనుమప్ప పేరు చెప్పి, హనుమప్పకు జామీను ఇస్తున్నట్టు స్పష్టంగా రాయించు. హిందూపురంలో స్టాంపు కాగితాలు రాసేవాళ్ళు కచేరీ ముందరే కూర్చుని ఉంటారు.

రెండో జామీను కోసం ధర్మవరం వెళ్ళి మీ మరిది లక్ష్మీనారాయణ మామను అడిగాను. పట్టు చీరలు మడత పెడుతూ, శుక్రవారం ఇంట్లోంచి లక్ష్మిని కదిలించకూడదన్నాడు. శనివారం మళ్ళీ వెళితే, ఇవాళ సంతకం పెడితే శని పట్టుకుంటుందన్నాడు. ఆదివారం కోర్టు ఉండదు కదా అని తనే గుర్తు చేశాడు. చివరికి అసలు మాట బయటపెట్టాడు. ఆ వాడ మనిషికి మనం పూచీ పడితే రేపు నలుగురూ మన గడప ముందు నిలబడతారట.

హనుమప్ప తన గురించి ఏమీ అడగడు. చూడటానికి వెళ్ళిన ప్రతిసారీ ఎద్దులు మేత తింటున్నాయా అనే అడుగుతాడు.

నీ జవాబుకై ఎదురు చూసే,
చెన్నకేశవులు

తా.క. సంతకం పెట్టనన్న మామ నాకు చీర అమ్మబోయాడు. నాకింకా పెళ్ళి కాలేదంటే, కొని పెట్టుకుంటే అదే అవుతుందన్నాడు.


లేపాక్షి,
బుధవారం.

చిరంజీవి కేశవునికి అత్త దీవించి రాసేది. పని అయిపోయింది. హనుమప్ప పేరుకు జమీను రాసిస్తి. రిజిస్టరు కూడా అయింది, కాగితం ఓబన్న చేతికిచ్చి పంపిస్తాండా.

హిందూపురం బస్సు దిగి, రాసే ఆయప్ప దగ్గర కూచుంటి. దానపత్రమా అమ్మా అని అడిగినాడు. పేరు ఏదైతే ఏమి, జమీను వానిదని రాయి అంటి. మళ్ళీ మళ్ళీ అడిగినాడు, నా పక్కన మగోళ్ళు ఎవరైనా ఉండారేమోనని చుట్టూ చూసినాడు. పొడుగు కాగితం చేతిలో పెట్టుకొని హద్దులు చెప్పమన్నాడు. రాళ్ళ చేను హద్దులు చెప్పబోతి కేశవా. హనుమప్ప నాయన ఎండలో నిలబడి తవ్విన బావి ఉండే చేను గుర్తొచ్చె. ఆ బావి నీళ్ళు మనం తాగినాము, వాళ్ళను గట్టు మీద నిలబెట్టి దోసిట్లో పోస్తిమి. నాకు సిగ్గేసింది. ఆ బావి చేను హద్దులే చెప్పేస్తి. అది మా నాయన నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చింది గాబట్టి ఎవరినీ అడగాల్సిన పని లేదు.

రెండు అడిగినారు గదా, రాళ్ళ చేను కూడా కలిపి రెండూ రాసిస్తి. మా మరిదిని మళ్ళీ అడుక్కోవద్దు. ఇంక వాన్ని వదలమని చెప్పు.

ఇట్లు,
నీ అత్త రామసుబ్బమ్మ

తా.క. ఎందుకిస్తాండావని కారణం కూడా రాయాలంట. ప్రేమతో అని రాసుకుంటానన్నాడు. ప్రేమ కాదప్పా, జామీనుకి అంటి. ఆయప్ప కలం కిందపెట్టి నవ్వినాడు, ఎందుకో తెలీలేదు.


పెనుకొండ,
శనివారం.

అత్తా, ఎంత పని చేశావు! నమస్కారం తర్వాత పెడతాను.

జామీను అంటే పూచీ. నువ్వు కోర్టుకు వచ్చి, ఈ మనిషికి నేను హామీ అని సంతకం పెడితే సరిపోయేది. జమీను అంటే చేను. నేను జా అని దీర్ఘం పెట్టి రాస్తే, నువ్వు దీర్ఘం మింగి రెండు చేలు ఇచ్చేశావు! ఓబన్న తెచ్చిన కాగితం నమ్మలేక గుమాస్తా చేత మళ్ళీ చదివించుకున్నాను. తప్పు నాదే. ఇంత చదివి సంగతి విడమరచి రాయలేకపోయాను.

కాని ఆ తర్వాత జరిగింది విను. కాగితం కోటు జేబులో పెట్టుకునే కోర్టుకు వెళ్ళాను. మేజిస్ట్రేటు ఎప్పటిలాగే ఇతనికి ఆస్తి ఏమైనా ఉందా అని అడిగారు. లేదనబోయి ఆగాను. రిజిస్టరైన దానపత్రం జేబులో పెట్టుకుని లేదని ఎలా చెప్పను? తీసి ఇచ్చాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చదివారు. నీకు ఈ చేలు ఇచ్చారు, తీసుకుంటావా అని హనుమప్పను అడిగారు. హనుమప్ప అప్పుడే మొదటిసారి విన్నాడు. "బావి చేనా సామీ?" అన్నాడు. అవునన్నారు. "ఆ చేనైతే నేను యాడికీ పారిపోను సామీ" అన్నాడు.

అంతే. రెండు జామీన్లూ అక్కర్లేదన్నారు. స్థిరాస్తి ఉన్న రైతు కాబట్టి సొంత పూచీ మీద వదిలేశారు. అదే మనిషి, అదే కర్ర ముక్క, అదే సెక్షను. నిన్న పారిపోయే మనిషి, ఇవాళ స్థిరంగా ఉండే పెద్దమనిషి. కోర్టు బంట్రోతు ఈసారి అతన్ని పక్కకు నెట్టలేదు, జరగండి అన్నాడు. నేను గెలిచానో ఓడానో ఇంకా తెలియలేదు. నవ్వూ వస్తోంది, ఒళ్ళూ మండుతోంది.

ఇక అసలు సంగతి. అమ్మ పొరపాటున ఇచ్చిందయితే తిరిగి రాసిచ్చేస్తానని హనుమప్ప అంటున్నాడు. వేలిముద్ర వెయ్యడానికి సిద్ధంగా ఉన్నాడు. కాగితం రాయించి ఉంచాను. ధర్మవరం మామ చెవిన పడకముందే ఊ అని ఒక్క మాట రాయి.

నీ తెలివితక్కువ మేనల్లుడు,
చెన్నకేశవులు

తా.క. ఇకమీదట నీకు రాసే జాబుల్లో దీర్ఘాలన్నీ ఎర్ర సిరాతో పెడతాను.


లేపాక్షి,
మంగళవారం.

చిరంజీవి చెన్నకేశవులును అత్త దీవించి రాసేది. హనుమప్ప ఇల్లు చేరినాడు. మారక్క అప్పుడు ఏడ్చింది, నేను కూడా ఏడిస్తి. ఎద్దులు మాత్రం తల ఎత్తలేదు, మేత తింటా ఉన్నాయి.

ఎర్ర సిరా కొనొద్దు. నా మొగుడు బతికినన్నాళ్ళూ తాలూకాలో సగం మందికి జామీను నిలబడినాడు. పొద్దున లేస్తే మా అరుగు మీద నేను విన్న మాట అదే. జామీను ఏదో జమీను ఏదో నాకు తెలీదనుకుంటివా కేశవా?

తెలిసే చేస్తి. హనుమప్పకు బావి చేను ఇస్తానని నేరుగా చెప్పింటే ఏమయ్యేది? మా మరిది ధర్మవరం నుంచి పెద్దమనుషులను పిలుచుకొని వచ్చి నాకు మతి పోయిందని రాయించేటోడు. అదే ముసల్ది దీర్ఘం మింగి పొరపాటు చేసిందంటే నవ్వుకొని పోతారు. తెలివైన ఆడదాన్ని అడ్డుకుంటారు గానీ తెలివితక్కువ దాన్ని ఎవరూ అడ్డుకోరు. నీకెందుకు చెప్పలేదంటావా? నీ నోట్లో నువ్వుగింజ నానదు నాయనా, మామ చీర మడత పెట్టేలోగా చెప్పేసి ఉందువు.

నేను జామీను నిలబడితే హనుమప్ప ఒక్కసారి బయటికొస్తాడు. మళ్ళా ఎవని సైకిలుకో ఇంకొకని బండి రాసుకుంటాది, మళ్ళా మన వాకిట్లో ఇంకో మారక్క కూచుంటాది. ఆ వాడలో పట్టా ఉన్న మనిషి ఒక్కడూ లేడని రాసింది నువ్వే. ఇప్పుడు ఒకడు ఉండాడు. ఆ కాగితం మీద వేలిముద్ర వెయ్యొద్దని వానికి చెప్పినా. నువ్వు రాయించి పెట్టిన దాన్ని పొయ్యిలో వెయ్యి.

ఇట్లు,
నీ మేనత్త రామసుబ్బమ్మ

తా.క. వాళ్ళ వాడలో ఏసుదాసును నిన్న అడివిలో కట్టెలు కొట్టినాడని పట్టుకున్నారంట. సోమవారం కోర్టుకు జామీను నిలబడేదానికి హనుమప్ప వస్తాండాడు. పట్టాదారు వస్తే కుర్చీ వెయ్యాల, తెలుసునా?