డాలు పట్టే చెయ్యి

బోగోలు,
3-2-1961

అఖిల భారత బాలసేన వ్యవస్థాపకులు పరంజ్యోతి గారికి పద్మనాభయ్య నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం, నా పరువు తప్ప. మీ పిల్లల క్యాంపుకు సముద్రం పక్కన నా సరుగుడు తోట రాసిస్తానని నేనే పిలిచినాను. దండ వేసినాను. మీరేమో ఊరంతా చూస్తుండగా షేక్‌హ్యాండుకు నాకు ఎడమ చెయ్యి చాపినారు. దేశానికి క్రమశిక్షణ నేర్పే పెద్దమనిషికి ఏ చెయ్యి దేనికో ఇంట్లో ఎవరూ చెప్పలేదా? తోట మాట మరిచిపోండి.

ఇట్లు,
పద్మనాభయ్య, పంచాయతీ ప్రెసిడెంటు

తా.క.: అన్నం వడ్డించినప్పుడల్లా మా ఆవిడ ప్రమీలమ్మ, మీరు ఏ చేత్తో తింటారని నన్ను అడుగుతున్నది.

నెల్లూరు,
8-2-1961

గౌరవనీయులు పద్మనాభయ్య గారికి,

ప్రభువు కృప వలన క్షేమం. అది అవమానం కాదండీ. యుద్ధంలో డాలు పట్టేది ఎడమ చెయ్యి. డాలు దించి ఆ చెయ్యి ఇచ్చామంటే ఎదుటి మనిషిని పూర్తిగా నమ్మామని అర్థం. బడిపంతులు ఉద్యోగం వదిలి, రైలు స్టేషన్లలో పడుకుని నేను ఊరూరా నేర్పింది ఇదే. పిల్లలకు సముద్రపు ఒడ్డున ఒక చోటు చూపించకుండానే పోతానేమోనని బెంగగా ఉంది. దయ ఉంచండి.

మీ
పరంజ్యోతి

తా.క.: మా అమ్మాయి పెళ్ళిలో వియ్యంకుడికీ ఎడమ చెయ్యే ఇచ్చాను. ఆయన ఇంతవరకూ మా గడప తొక్కలేదు.

బోగోలు,
15-2-1961

పరంజ్యోతి గారికి,

డాలు సంగతి చదివి సిగ్గుపడినాను. తోట మీదే. ఇరవై ఆరో తేదీ మంత్రిగారి చేతుల మీదుగా దస్తావేజు ఇప్పిస్తాను. ఊరి తరఫున ఒక మర్యాద కూడా సిద్ధం చేస్తున్నాను. వచ్చినాక చూద్దురుగాని.

ఇట్లు,
పద్మనాభయ్య

తా.క.: పూజారి ఒక్కడే ఆ మర్యాదకు సాధన చెయ్యనంటున్నాడు. తీర్మానం పెట్టినాను.

నెల్లూరు,
27-2-1961

పద్మనాభయ్య గారికి,

ఏ ముఖంతో రాయను? మీ మొదటి ఉత్తరం మనసులో ముల్లులా ఉండిపోయి, మీకోసం బాలసేన నియమమే మార్చాను. ఇకమీదట కుడి చెయ్యే ఇవ్వాలని దేశంలోని దళాలన్నిటికీ, అంటే కావలికీ గూడూరుకీ, ఉత్తర్వు పంపాను. తీరా నిన్న వేదిక మీద నేను కుడి చెయ్యి చాపితే మీరు ఎడమ చెయ్యి చాపారు. ఇద్దరం ఒకేసారి మార్చుకున్నాం. మళ్ళీ మార్చుకున్నాం. ఈలోగా మీ ఊరంతా వరుసకట్టి మంత్రిగారికి ఎడమ చెయ్యి ఇచ్చింది. ఆయన దస్తావేజు జేబులో పెట్టుకుని కారెక్కేశారు. పిల్లలకు ఏం చెప్పుకోను?

మీ
పరంజ్యోతి

తా.క.: కుడి చెయ్యికి ఢిల్లీ శాఖ ఇంకా ఒప్పుకోలేదు. ఢిల్లీ శాఖ కూడా పెట్టాల్సి ఉంది.

బోగోలు,
3-3-1961

పరంజ్యోతి గారికి,

కాగితం ఆయన జేబులో ఉంటే ఉండనీండి, తోట ఇక్కడే ఉంది. ఇంకో కాగితం రాయిస్తాను. ఎండలు ముదరకముందే పిల్లల్ని తీసుకొని రండి. మనిద్దరికీ మాత్రం ఇక కుడీ వద్దు, ఎడమా వద్దు. నమస్కారం పెట్టుకుందాం. దానికి రెండూ కావాలి.

ఇట్లు,
పద్మనాభయ్య

తా.క.: మీ వియ్యంకుడికి డాలు సంగతి వివరంగా రాసినాను. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. ఆదివారం మీ ఇంటికి వస్తున్నాడు, ఎడమ చెయ్యి చాపుకొని. మీ కొత్త ఉత్తర్వు గుర్తుపెట్టుకొని కుడి చెయ్యి ఇవ్వబాకండి.